పాఠశాలలో శునకం: ఒక ఆలోచన

మానసిక చికిత్సలోనూ, విద్యాబోధనలోనూ శునకాలు చేస్తున్న సహాయాన్ని గురించి ఈ సంచికకు ఒక వ్యాసం రాయదలచినానని అధ్యాపకుల గదిలో చెప్పినప్పుడు మొదట వినిపించినవి నవ్వులే. ఉర్దూ శాఖకు చెందిన పెద్దలొకరు చేతిలోని టీ కప్పు కింద పెట్టి, "గోడ దూకి వచ్చే కుక్కలను తరమలేక మన వాచ్‌మన్ అవస్థ పడుతుంటే, మీరు వాటికి అడ్మిషన్ ఇప్పిస్తానంటారా భాయ్?" అన్నారు. నేనూ నవ్వినాను. అయితే ఆ నవ్వులో సగం భయమేనని నాకు తెలుసు. ఆ భయాన్ని పక్కకు నెట్టి ఈ విషయం మాట్లాడడం న్యాయం కాదు గనుక అక్కడి నుంచే ఆరంభిస్తాను.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడొకడు వీధికుక్కల దాడిలో మరణించినాడు. ఆ దృశ్యం దేశమంతా చూసినది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కలను తొలగించి ఆశ్రయ కేంద్రాలకు తరలించవలసిందిగా ఆదేశించినది. రేబీస్ వల్ల ప్రపంచంలో సంభవించే మరణాలలో మూడోవంతుకు పైగా మన దేశంలోనే సంభవిస్తున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిచ్చికుక్కగా అనుమానించదగిన జంతువుల కాటుకు గురయ్యేవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్లలోపు పిల్లలేనని కూడా ఆ సంస్థ చెప్పుతున్నది. ఇవి కొట్టిపారవేయదగిన మాటలు కావు. నా మట్టుకు నాకు తొమ్మిదేళ్ల వయసులో పాల ప్యాకెట్టు తెస్తుండగా పిక్క మీద కుక్క కరిచినది. బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు ఇంజెక్షన్లు వేసినారు. ఆ పాతరకం మందు 2005 నాటికి మన దేశంలో కనుమరుగైనదిగాని, ఆ నొప్పి జ్ఞాపకం మాత్రం నన్ను విడువలేదు. నేటికీ సందు మలుపులో కుక్క కనిపిస్తే నా అడుగు ఒక క్షణం ఆగుతుంది. కనుక ఈ వ్యాసం కుక్కలంటే మోజుపడేవాడు రాస్తున్నది కాదని పాఠకులు దయచేసి గ్రహించాలి.

మరి ఎందుకు రాస్తున్నానంటే, దానికి కారణం కుక్క కాదు, ఒక విద్యార్థి.

పదో తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి ఇంటర్మీడియట్‌లో మా వద్దకు వచ్చే పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకం ఎదుట నిలబడి పైకి చదవడం ఎంతటి పరీక్షో తెలుగు మాధ్యమం వారు ఊహించలేరు. ఉర్దూలో 'ళ'కారం లేదు. 'ణ'కారం వాడుకలో దాదాపు లేదు. 'కళ' అనవలసిన చోట నాలుక దానంతటదే 'కల' అంటుంది. 'వేళ' 'వేల' అవుతుంది, 'వాణి' 'వాని' అవుతుంది, 'పెళ్లి' 'పెల్లి' అవుతుంది. అర్థం మారిపోగానే వెనుక బెంచీల నుంచి నవ్వు లేస్తుంది. తెలుగు పిల్లలు ఉర్దూ పలికేటప్పుడు కంఠంలో నుంచి రావలసిన 'ఖ', 'గ'లు పలకలేక ఇటువంటి నవ్వునే ఎదుర్కొంటారనేది వేరే సంగతి. నవ్వేవాడికి అది ఒక నిమిషం వినోదం. నిలబడినవాడికి ఏడాది పొడవునా నోరు మూసుకొనేందుకు అదొక్కటే చాలు.

నేను చెప్పే విద్యార్థి చేతిరాత ముత్యాలకోవ. పరీక్షలో తెలుగు మార్కులు తక్కువేమీ కావు. కాని చదవమంటే చాలు, "సార్, గొంతు నొప్పి" అనేవాడు. జూన్‌లో గొంతు నొప్పి, ఆగస్టులో గొంతు నొప్పి, డిసెంబరులోనూ అదే నొప్పి. నేను ఒకసారి కోపగించుకొన్నాను కూడా. ఆ కోపం నాకు గొప్పగా చెప్పుకొనదగినది కాదు. జనవరిలో ఒకనాడు ఎవరూ అడగకుండానే లేచి నిలబడి ఒక పేజీన్నర తడబడకుండా చదివినాడు. 'ళ'కారాలు రెండుచోట్ల జారినవి, కాని అతడు ఆగలేదు. క్లాసు అయిన తరువాత పిలిచి ఎలా సాధించినావని అడిగితే, చాలాసేపు నేల చూసి చివరికి చెప్పినాడు: "మా దాదీమా మేక ఉంది సార్. సాయంత్రం దాన్ని మేపడానికి తీసుకొని పోయినప్పుడు దానికి చదివి వినిపించినాను. అది నవ్వదు కదా సార్."

ఆ మాట విన్న తరువాత నేను వెతకడం మొదలుపెట్టినాను. అతడు ఎవరూ చెప్పకుండా తనంత తాను కనిపెట్టిన ఉపాయాన్ని లోకంలో మరెక్కడో ఒక పద్ధతిగా, శిక్షణగా, పాఠశాల కార్యక్రమంగా నడుపుతున్నారని అప్పుడు తెలిసినది. అక్కడ మేక స్థానంలో ఉన్నది శునకం.

అమెరికాలో యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో 1999లో ఇంటర్‌మౌంటెన్ థెరపీ ఏనిమల్స్ అనే సంస్థ ఒక పఠన కార్యక్రమాన్ని ఆరంభించినది. పద్ధతి అతి సామాన్యమైనది. గ్రంథాలయంలోనో, పాఠశాలలోనో ఒక మూల జంపఖానా పరుస్తారు. శిక్షణ పొందిన కుక్క అక్కడ పడుకొని ఉంటుంది. దాని పక్కన దానిని సాకుతున్న వ్యక్తి కూర్చుంటారు. చదవడంలో వెనుకబడిన పిల్లవాడు వచ్చి ఇరవై నిమిషాల వరకు ఆ కుక్కకు ఒక కథ చదివి వినిపిస్తాడు. అంతే. ఇందులో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటున్నది. పిల్లవాడు ఒక మాట తప్పు చదివినప్పుడో, అర్థం తెలియక దాటవేసినప్పుడో ఆ పెద్దమనిషి పిల్లవాడిని తప్పు పట్టరు. "ఆ మాట దీనికి ఎప్పుడూ వినపడలేదు, దాని అర్థమేమిటో నీవు దీనికి చెప్పగలవా?" అని అడుగుతారు. అజ్ఞానం కుక్కది అవుతుంది, పిల్లవాడు ఉపాధ్యాయుడవుతాడు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో బోధనా సూత్రాలెన్నో చెబుతారుగాని, ఇంత సున్నితంగా ఒక పిల్లవాడి మానం కాపాడే ఉపాయాన్ని నేను వినలేదు.

ఈ ఆలోచనకు ఇంకా వెనుక చరిత్ర ఉన్నది. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో విలియం ట్యూక్ 1796లో తెరిచిన మానసిక రోగుల ఆశ్రమంలో సంకెళ్లకు మారుగా తోటపని, కుందేళ్లు, కోళ్లు వంటి చిన్న ప్రాణుల సాహచర్యం కల్పించినారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ తన చివరి సంవత్సరాలలో యోఫీ అనే కుక్కను రోగులతో మాట్లాడే గదిలోనే ఉంచుకొనేవాడు. అయితే దీనిని శాస్త్రంగా నిలబెట్టే యత్నం చేసినవాడు న్యూయార్క్‌లో బాలల మనస్తత్త్వ నిపుణుడైన బోరిస్ లెవిన్సన్. ఎవరితోనూ మాట కలపని ఒక బాలుడు అనుకోకుండా ఆయన పెంపుడు కుక్క జింగిల్స్‌తో ఆడుతూ మాట్లాడడం ఆయన గమనించినాడు. 1961లో అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల సభలో ఈ సంగతి విన్నవించినప్పుడు కొందరు శ్రోతలు గేలి చేసినారట. కుక్కకు కూడా ఫీజు ఇస్తున్నారా అని అడిగినవారున్నారట. (మా అధ్యాపకుల గది ఒంటరిది కాదన్నమాట.) ఆయన వెనుదీయలేదు. 1962లో వ్యాసం ప్రకటించినాడు, 1969లో గ్రంథమే రాసినాడు.

తరువాత లెక్కలు వచ్చినవి. 1980లో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి బయటపడిన 92 మందిని ఏడాదిపాటు పరిశీలించినది. పెంపుడు జంతువు ఉన్న 53 మందిలో ముగ్గురు, లేని 39 మందిలో 11 మంది ఆ ఏడాదిలో మరణించినారు. 1983లో ఆ పరిశోధకురాలే మరికొందరితో కలిసి, పిల్లలు పైకి చదువుతున్నప్పుడు వారి రక్తపోటును కొలిచినది. గదిలో కుక్క ఉన్నప్పుడు ఆ పోటు తక్కువగా ఉన్నట్లు తేలినది. చదవమన్నప్పుడల్లా 'గొంతు నొప్పి' వచ్చిన నా విద్యార్థి నాకు వెంటనే జ్ఞాపకం వచ్చినాడు. అది అబద్ధం కాకపోవచ్చును; భయానికి గొంతు నిజంగానే పట్టివేస్తుంది. 2019లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 249 మంది విద్యార్థులపై జరిపిన పరీక్షలో, పది నిమిషాలు కుక్కలను, పిల్లులను నిమిరినవారి లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ తగ్గినట్లు కనుగొన్నారు. జపాను శాస్త్రజ్ఞులు 2015లో ఇంకొక సంగతి చెప్పినారు. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకొన్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుంది. తల్లికీ బిడ్డకూ నడుమ మమకారాన్ని పెంచే పదార్థం అదే.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నేను వకీలునవుతానుగాని అధ్యాపకుడిని కాను. పెంపుడు జంతువు ఉన్నవారు ఎక్కువగా బ్రతకడానికి జంతువే కారణమా, లేక జంతువును సాకగల ఓపిక ఉన్నవారు ముందే ఆరోగ్యవంతులా అనే ప్రశ్న మిగిలే ఉన్నది. పిల్లలు కుక్కలకు చదివి వినిపించే పద్ధతిపై జరిగిన పరిశోధనలన్నిటినీ 2016లో ఇంగ్లండులో క్రోడీకరించినప్పుడు, ఫలితాలు ఆశాజనకమే అయినా చాలా పరిశోధనలు చిన్నవి, బలహీనమైనవి అని తేల్చినారు. కనుక కుక్కను తెచ్చి కూర్చోబెడితే పిల్లలు పండితులైపోతారని ఎవరైనా చెప్పితే నమ్మవద్దు. నేను చెప్పేది ఇంకా చిన్న మాట. భయం తగ్గుతుంది. భయం తగ్గినచోట నేర్పడం మన పని.

థెరపీ డాగ్ అంటే ఏది, ఏది కాదు అన్నది కూడా స్పష్టం కావాలి. బడి వెనుక అన్నం మెతుకులకు చేరే కుక్క అది కాదు. గేటు వద్ద కాపలా కుక్కా కాదు. అంధులకు దారి చూపే శునకం ఒక్క యజమానికే అంకితం. ఇది అలా కాక తన యజమాని వెంట వచ్చి పదిమందికీ ఊరట ఇచ్చేది. దాని స్వభావాన్ని ముందుగా పరీక్షిస్తారు. ఒక్కసారిగా పళ్లెం కింద పడవేస్తారు, చక్రాల కుర్చీని పక్కనుంచి నడిపిస్తారు, తోక పట్టుకొంటారు. అప్పటికీ బెదరని, మొరగని కుక్కనే అనుమతిస్తారు. టీకాలు, వైద్య పరీక్షలు, వచ్చే ముందు స్నానం తప్పనిసరి. దానిని సాకే మనిషి క్షణమైనా దాని వద్ద నుంచి కదలరాదు. ఇష్టం లేని పిల్లవాడిని దగ్గరకు పంపకూడదు. కుక్కకూ అలసట ఉంటుంది; ఆవులించడం, పెదవులు నాకుకోవడం, ముఖం తిప్పుకోవడం వంటి గుర్తులు చూసి దానిని బయటకు తీసుకుపోవాలి. ఈ చివరి నియమం నాకు విశేషంగా తోచినది. ఆరు పీరియడ్లు వరుసగా చెప్పే ఉపాధ్యాయుడు ఆవులిస్తే మాత్రం ఎవరూ పట్టించుకోరు!

మన దేశంలోనూ ఇది బొత్తిగా కొత్త కాదు. ముంబయిలో ఏనిమల్ ఏంజల్స్ అనే సంస్థ ప్రత్యేక అవసరాలు గల పిల్లల మధ్య ఇటువంటి శునకాలతో పనిచేసినది. తెలుగు నేల మీద మాత్రం ఇది మహానగరపు ముచ్చటగానే ఉండిపోయినది.

ఇక మన ఇంటి ప్రశ్న. మా అమ్మగారు ఈ వ్యాసం విషయం విని మొదట అడిగినది రక్తపోటు గురించి కాదు, వజూ గురించి. ముస్లిం కుటుంబాలలో కుక్కను ఇంట్లోకి రానివ్వకపోవడం తరతరాల అలవాటు. కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారన్న హదీసు ప్రతి ఇంటా తెలిసినదే. దానిని నేను దాచను. అదే సమయంలో ఖురాన్‌లోని కహఫ్ అధ్యాయంలో విశ్వాసులైన యువకులు గుహలో నిద్రించినంత కాలం గుమ్మం వద్ద ముందుకాళ్లు చాపి పడుకొన్న కుక్కను మరువరాదు. మాయిదా అధ్యాయం శిక్షణ ఇచ్చిన వేటకుక్కలు పట్టి తెచ్చిన దానిని తినడానికి అనుమతించినది. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి తన మేజోడుతో నీళ్లు తెచ్చి తాగించినవాడిని అల్లాహ్ క్షమించినాడని బుఖారీ హదీసు సంకలనంలో ఉన్నది. ధర్మశాస్త్ర పండితులు కూడా ఏకాభిప్రాయం కలవారు కారు. హనఫీలు కుక్క లాలాజలాన్ని అపవిత్రమంటారుగాని పొడిగా ఉన్న వెంట్రుకలను అనరు, షాఫయీలు కుక్కను మొత్తంగా అపవిత్రమంటారు, మాలికీలు పవిత్రమేనంటారు. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలు. ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడిని. అయినా చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు, నమాజు గదికి దూరంగా ఒక వేరే గది, ఇంటివారి సమ్మతి ఈ మూడూ ఉంటే ఆచారానికి అడ్డు వచ్చేది తక్కువేనని నా అభిప్రాయం. సమ్మతించని కుటుంబం పిల్లవాడిని బలవంతపెట్టరాదు, చిన్నచూపు చూడరాదు.

హిందూ సోదరుల ఇళ్లలోనూ మడి, మైల పట్టింపులున్నవి. శతక కవులు నీచుడిని కుక్కతో పోల్చడం మనమంతా బడిలో చదువుకొన్నదే. అయితే మహాప్రస్థానంలో చివరివరకు వెంట వచ్చిన శునకాన్ని వదలి స్వర్గంలో అడుగుపెట్టనన్న ధర్మరాజు కథను కూడా ఆ బడిలోనే చదువుకొన్నాం. గుహ గుమ్మంలోని కుక్క, స్వర్గ ద్వారంలోని కుక్క. రెండు భాషల ఈ పత్రికలో ఈ రెండూ ఒకే పుటలో చేరడం నాకు సంతోషంగా ఉన్నది.

అన్నిటికన్న బలమైన ఆక్షేపణ మతానిది కాదు, డబ్బుది. మరుగుదొడ్లు సరిగా లేని, ఇద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడిచే బడులున్న చోట కుక్క గురించి మాట్లాడడం విలాసం కాదా? అవును, దీనికి నా వద్ద పూర్తి సమాధానం లేదు. కుక్క ఉపాధ్యాయునికి బదులు కాదు. కౌన్సిలరుకూ బదులు కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్దిరోజులలోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ పిల్లలకు కావలసినది ఆలకించే మనుష్యులు. ప్రతి కళాశాలలో శిక్షణ పొందిన సలహాదారు ఉండాలని అడగడం మొదటి పని. ఆ గదిలోకి వెళ్లడానికే సిగ్గుపడే పిల్లవాడికి గుమ్మం దాటే ధైర్యం ఇవ్వడానికి ఒక మూగజీవి ఉపయోగపడితే, దానిని విలాసమని తోసివేయడానికి నా మనసు ఒప్పుకోదు.

పైగా నేను అడుగుతున్నది కుక్కను కొనమని కాదు. మన ఎండలకు తట్టుకోలేని విదేశీ జాతి కుక్కను వేలు పోసి కొని, ప్రారంభోత్సవానికి ఫొటో తీయించి, వేసవి సెలవులలో దానికి దిక్కెవరో తెలియక వదలివేయడం కంటె పాపం లేదు. శిక్షణ పొందిన కుక్కను సాకుతున్నవారు వారానికొక గంట తీసుకొని వచ్చి వెళ్లే ఏర్పాటు చాలును. అదీ కుదరనిచోట, ముస్లింల ఇళ్లలో ముద్దుగా తిరిగే పిల్లి ఉండనే ఉన్నది. ప్రసిద్ధ హదీసు వక్త అబూ హురైరా పేరుకే 'పిల్లికూన తండ్రి' అని అర్థం. పిల్లి ఇరవై నిమిషాలు ఒకచోట కూర్చొని కథ వింటుందని మాత్రం హామీ ఇవ్వలేను. మేక సంగతి మా విద్యార్థి ముందే తేల్చినాడు.

నా ఎరుకలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలితో ఈ మధ్య మాట్లాడినాను. ఆమె అరగంట ఓపికగా విన్నారు. "మాస్టారూ, మీరు చెప్పినదంతా బాగానే ఉన్నదిగాని, రేపు ఒక పిల్లవాడికి గోరు గీసుకొన్నా తల్లిదండ్రులు నా మెడ పట్టుకొంటారు" అన్నారు. ఆమె మాట నిజం. చివరకు ఒక ఒప్పందానికి వచ్చినాం. మూడో తరగతిలో చదవడానికి భయపడే ఆరేడుగురు పిల్లలతోనే మొదలు. రెండు నెలలు మాత్రమే. కుక్క టీకాల కాగితాలు ముందుగా ఆమె చేతికి రావాలి. ప్రతి తల్లీ తండ్రీ సంతకం చేయాలి. సంతకం చేయనివారి పిల్లలకు అదే గంటలో మరొక గదిలో, తప్పులు ఎత్తిచూపకుండా వినే ఒక పెద్దమనిషి ఎదుట చదివే వీలుండాలి. ఈ చివరి షరతు ఆమె పెట్టినదే, నాకు తట్టలేదు. ఆ పెద్దమనిషిగా కూర్చోవడానికి నేను ఒప్పుకొన్నాను.

సమ్మతిపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఇచ్చినాను. ఉర్దూ ప్రతిని దిద్ది పెట్టినది, టీ కప్పు కింద పెట్టి నవ్విన ఆ పెద్దలే. దిద్దుతూ, "మీ కుక్కకు ఉర్దూ కథలు కూడా వినిపిస్తారా, తెలుగు ఒక్కటేనా?" అని అడిగినారు. రెండూ వినిపిస్తామని చెప్పినాను. ఇప్పటికి నాలుగు సంతకాలు వచ్చినవి.